ఎర్ర గీత ఏదమ్మా?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటికి రంగు వేయించి చూడమని మాత్రం ఎందుకో అనలేదు. అనుభవం ఉన్నవాళ్లకు తెలుసు... సిమెంటు దగ్గరా ఇసుక దగ్గరా రాని గొడవ, హాలు గోడకు ఏ రంగు వేయాలన్న దగ్గర వస్తుంది. షేడ్ కార్డు ఇంటిల్లిపాది చేతులూ మారుతుంది. ఆయనకు లేత నీలం కావాలి, ఆవిడకు గంధం రంగు కావాలి, పిల్లలకు ఆ రెండూ వద్దు. నాలుగు రోజులు వాదించుకున్నాక పెయింటరు తనకు తోచింది వేసి వెళ్లిపోతాడు. 'కార్డులో చూసినట్టు లేదే' అని మనం మరో నాలుగు రోజులు అనుకుంటాం.

ఈమధ్య గన్నవరంలో మా బాబాయి ఇంట్లో అలాంటి చర్చే జరిగింది. కాకపోతే రంగు గోడకు కాదు, గోడ మీద పడే స్లైడ్లకు. మా చెల్లి ఎంటెక్ చివరి సంవత్సరంలో ఉంది. తన ప్రాజెక్టు గురించి కాలేజీ సెమినారు హాల్లో ఇరవై నిమిషాలు మాట్లాడాలి. ప్రొఫెసర్లు, బయటి నుంచి వచ్చే ఎగ్జామినరు, తోటి విద్యార్థులు అందరూ ఉంటారు. అందుకోసం పద్దెనిమిది స్లైడ్లు సిద్ధం చేసుకుంటోంది. విజయవాడ నుంచి ఎంతో దూరం లేదు కదా అని ఒక సెలవు రోజున నేను వెళ్లేసరికి, వీధి గదిలో ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. నెత్తిమీద విమానం దిగుతున్న చప్పుడుకు కూడా తల ఎత్తలేదు.

మౌసు పట్టని పని

తొంగిచూస్తే తెరమీద స్లైడ్లే లేవు! వాలుగీతలు, ఫ్లవర్ బ్రాకెట్లు, మధ్యమధ్యలో ఇంగ్లిషు మాటలు... అంతా కోడ్. "పవర్‌పాయింట్ కాదా?" అన్నాను. "కాదక్కా, బీమర్. లెక్కలు ఎక్కువున్న ప్రాజెక్టులకు ఇదే హాయి" అంది.

దీని వెనక చిన్న కథ ఉంది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ డొనాల్డ్ నూత్ 1977లో తన పుస్తకం కొత్త ముద్రణకు ప్రూఫులు చూసుకుంటే లెక్కల అచ్చు అధ్వానంగా కనిపించిందట. ఇంకొకరైతే ప్రెస్సువాళ్లకు ఉత్తరం రాసి ఊరుకునేవారు. ఆయన ఏకంగా అక్షరాలు పేర్చే సాఫ్ట్‌వేరే రాయడం మొదలుపెట్టారు. అదే 'టెక్'. 1980ల్లో లెస్లీ లాంపోర్ట్ దానిమీద మరింత సులువైన 'లేటెక్'ని తయారుచేశారు. ఇప్పటికీ ప్రపంచమంతటా లెక్కలు, భౌతికశాస్త్రం పరిశోధన పత్రాలు ఎక్కువగా రాసేది అందులోనే. జర్మనీకి చెందిన టిల్ టాంటౌ 2003 ఫిబ్రవరిలో తన పీహెచ్‌డీ వైవా కోసం లేటెక్‌తోనే స్లైడ్లు వచ్చేలా ఒక ప్యాకేజీ రాసుకున్నారు. స్నేహితులు అడిగారని నెల తిరిగేసరికి ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టేశారు. జర్మన్లు ప్రొజెక్టరును బీమర్ అంటారు. దానికీ ఆ పేరే స్థిరపడింది.

ఇందులో మౌసుతో అక్షరాలను పట్టుకుని లాగడం ఉండదు. 'ఇది శీర్షిక', 'ఇది మామూలు వాక్యం', 'ఇది ముఖ్యమైన మాట' అని కోడ్‌లో చెప్పుకుంటూ పోవడమే. చివర్లో ఒక మీట నొక్కితే స్లైడ్లన్నీ పీడీఎఫ్‌గా వచ్చేస్తాయి.

ఊళ్ల పేర్లు, పిట్టల పేర్లు

అన్నిటికంటే నాకు నచ్చింది ఇందులోని థీముల పేర్లు. శీర్షిక ఎక్కడ ఉండాలి, పక్కన పట్టీ ఉండాలా, అడుగున పేజీ సంఖ్య ఉండాలా అని నిర్ణయించే థీములకు ఊళ్ల పేర్లు పెట్టారు. వార్సా, మాడ్రిడ్, బెర్లిన్, సింగపూర్, కోపెన్‌హాగన్... టాంటౌగానీ ఆయన సహ రచయితలుగానీ సదస్సులకు వెళ్లిన ఊళ్లవి. ఆ వరసలో మన దేశం ఊరు ఒక్కటీ లేదు.

రంగుల థీములకు మరో పద్ధతి. స్లైడు మొత్తానికి రంగులు ఇచ్చేవాటిలో చాలావాటికి ఎగిరే జీవుల పేర్లు. ఆల్బట్రాస్ అనే సముద్రపక్షి పేరుతో ఉన్నది ముదురు నీలం మీద పసుపు అక్షరాలిస్తుంది. పావురం థీము నలుపు తెలుపుల్లోనే ఉంటుంది. కొంగ పేరున్న థీములోవి జర్మనీ విమాన సంస్థ లుఫ్తాన్సా రంగులు. ఆ సంస్థ గుర్తు కొంగే కదా! స్లైడు లోపలి పెట్టెల రంగులకు లిల్లీ, ఆర్కిడ్, గులాబీ అని పూల పేర్లు. పైనా కిందా వచ్చే పట్టీలకు తిమింగలం, డాల్ఫిన్ అని నీటి జీవుల పేర్లు. ఒక పిట్టను, ఒక పువ్వును, ఒక చేపను కలిపి మనకు కావాల్సిన వేషం కట్టించుకోవచ్చు.

"ఇంత దగ్గర కొల్లేరు పెట్టుకుని మన గూడబాతుకు చోటు లేదా?" అన్నాను సరదాకి.

"మనమే రాసుకోవచ్చక్కా. థీమంటే పది పన్నెండు లైన్ల ఫైలే" అంది చెల్లి. ఆ మాట తర్వాత నిజంగానే పనికొచ్చింది.

పెడన అద్దకంలాగే...

ఆ కోడ్‌లో ఒక విషయం వింతగా అనిపించింది. వచ్చిన స్లైడులో కొన్ని మాటలు ఎర్రగా ఉన్నాయి. కోడ్‌లో మాత్రం 'ఎరుపు' అన్న మాట ఎక్కడా లేదు! ఆ మాటల చుట్టూ 'అలర్ట్' అని మాత్రం ఉంది. అంటే 'ఇది ముఖ్యం, చూడండి' అని. ముఖ్యమైనదాన్ని ఏ రంగులో చూపించాలన్నది ఇంకెక్కడో ఒకే ఒక్క చోట రాసి ఉంటుంది. మనం ఏమీ చెప్పకపోతే బీమర్ శీర్షికలకు నీలం, ముఖ్యమైనవాటికి ఎరుపు, ఉదాహరణలకు ముదురు ఆకుపచ్చ వేస్తుంది. ఆ ముదురు ఆకుపచ్చను కూడా 'ఆకుపచ్చ యాభై పాళ్లు, మిగతాది నలుపు' అని రాస్తారు. పెయింటరు డబ్బాలో రంగు కలిపినట్టే!

పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. అక్కడ బట్టను ముందు కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన నీళ్లతో నల్ల అచ్చు వేస్తారు. ఎరుపు రావాల్సిన చోట మాత్రం చెక్క అచ్చుతో పటిక నీళ్లు అద్దుతారు. అప్పటికి అక్కడ ఎరుపేమీ ఉండదు. పారే నీళ్లలో జాడించి, రంగు వేసిన కాగులో ఉడికిస్తే అప్పుడు పటిక తగిలిన చోటల్లా ఎరుపు విచ్చుకుంటుంది. 'ఇక్కడ రంగు పట్టాలి' అని చెప్పేది పటిక. ఏ రంగు అన్నది కాగులో ఉంటుంది. మా చెల్లి రాసే 'అలర్ట్' కూడా పటికలాంటిదే. కాగు మారిస్తే పద్దెనిమిది స్లైడ్లలోనూ రంగు మారిపోతుంది.

"అలా మార్చాల్సిన అవసరం ఎందుకొస్తుంది, ఎరుపు బాగానే ఉందిగా?" అని అడిగాను. జవాబు ఆ సాయంత్రం బాబాయి చెప్పాడు.

గోంగూర దగ్గర తిట్లు

బాబాయి హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. కూతురి మాట ఎవరైనా విని తప్పులు చెప్పాలి కదా అని టీవీకి ల్యాప్‌టాప్ తగిలించి ఆయన్ను ఎదురుగా కూర్చోబెట్టాం. ప్రాజెక్టు కైకలూరు వైపు చేపల చెరువుల మీద. నీళ్లలో ఆక్సిజన్ ఎంత ఉందో రాత్రంతా కొలిచి ఫోనుకు పంపే పరికరం తయారుచేసింది. ఏరియేటర్లు తిరిగే చెరువుది ఆకుపచ్చ గీత, అవి లేని చెరువుది ఎర్ర గీత. తెల్లవారుజామున ఎర్ర గీత ఎంత కిందికి పడిపోతుందో చూపించడమే ఆమె మాటల్లో అసలు ఘట్టం. ఆ వేళప్పుడే కదా ఆక్సిజన్ అందక చేపలు నీటిపైకి తేలేది, రైతు గుండె గుభేలుమనేది!

"ఇదిగో నాన్నా, ఎర్ర గీత చూడు..." అంది చెల్లి.

బాబాయి కళ్లజోడు సవరించుకున్నాడు. "ఎర్ర గీత ఏదమ్మా?" అన్నాడు.

కిందిదని చూపించింది. "మరి పోయిన స్లైడులో ఎర్రగా ఉన్న మూడు మాటలు?" అని అనుమానంగా అడిగింది. "ఎర్రగా ఉన్నాయా? అన్నీ నల్లగానే ఉన్నాయిగా" అన్నాడు.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆయనే చెప్పాడు. ఇరవై రెండేళ్ల వయసులో సిగ్నల్ దీపాలు చూడాల్సిన ఉద్యోగానికి రాత పరీక్ష పాసయ్యాడట. వైద్య పరీక్షలో డాక్టరు రంగు చుక్కల పుస్తకం తెరిచి అంకె చదవమన్నాడట. ముందు నిలబడ్డ కుర్రాళ్లంతా గడగడా చదివేశారు. ఈయనకు చుక్కలు తప్ప అంకె కనిపించలేదు. "రూలు సరైందే. సిగ్నల్ చూడలేనివాణ్ని అక్కడ పెట్టకూడదు" అన్నాడు బాబాయి. ఇంట్లో మాత్రం 'మెడికల్‌లో పోయింది' అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాడు. ఏం రోగమోనని చుట్టాలు గుసగుసలాడినా నోరు విప్పలేదు.

"మాకైనా చెప్పొచ్చుగా?" అంది పిన్ని. "అప్పుడు చెబితే పిల్లనెవరిస్తారే?" అన్నాడు నవ్వుతూ. పిన్ని నవ్వలేదు. ఎర్ర గోంగూర తెమ్మంటే తెల్ల గోంగూర తెచ్చాడని ముప్ఫయ్యేళ్లుగా ఆవిడ తిడుతూనే ఉంది. పరధ్యానం మనిషి అనుకుందట. ఆ రాత్రి వంటింట్లో ఆ సంగతి రెండుమూడుసార్లు తనలో తనే అనుకోవడం విన్నాను.

డాల్టన్ కళ్లు

దీన్ని వర్ణాంధత్వం అంటారు. పేరు పెద్దదేగానీ చాలామందిలో లోకమేమీ నలుపు తెలుపుగా ఉండదు. కంటి వెనక తెరలో రంగుల్ని పట్టే శంకు కణాలు మూడు రకాలు. వాటిలో ఎరుపు వైపుదో, ఆకుపచ్చ వైపుదో సరిగా పనిచేయకపోతే ఆ రెండు రంగుల మధ్య తేడా చెరిగిపోతుంది. ఎరుపు వైపు కణాలు పనిచేయనివాళ్లకు ఎరుపు బాగా నల్లబడి కనిపిస్తుంది. బాబాయికి ఎర్ర అక్షరాలు నల్లవాటిలో కలిసిపోయింది అందుకే. నీలం, పసుపు మాత్రం ఇలాంటివాళ్లకు చక్కగా తెలుస్తాయి.

ఈ లోపానికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. మగవాళ్లకు అది ఒక్కటే కాబట్టి వాళ్లలోనే ఎక్కువ. యూరప్ సంతతి పురుషుల్లో దాదాపు 8 శాతం మందికి ఉంటే, స్త్రీలలో అర శాతమే. తండ్రికి ఉన్నది కూతురికి బయటపడకపోయినా ఆమె కొడుక్కి రావచ్చు. పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్‌కీ ఇది ఉండేది. అందరూ గులాబీ రంగు అనే జెరేనియం పువ్వు ఆయనకు పగలు నీలంగా, కొవ్వొత్తి వెలుగులో ఎర్రగా కనిపించేదట. 1794లో దానిమీద ఆయన చదివిన పత్రంతోనే శాస్త్రవేత్తల దృష్టి ఇటు మళ్లింది. బాబాయి ముందు పెట్టిన చుక్కల పరీక్షను జపాన్ వైద్యుడు షినోబు ఇషిహరా 1917లో ప్రచురించారు.

ఒక హాల్లో వందమంది కూర్చుంటే వాళ్లలో బాబాయిలాంటివాళ్లు ఎవరో ఒకరు ఉండొచ్చు. 'నాకు కనిపించడం లేదు' అని చెయ్యెత్తరు. ఎత్తితే నలుగురిలో నవ్వులపాలు అవుతామని భయం.

అంకెల్లో రంగు

మర్నాడు పొద్దున్నే చెల్లి కాగు మార్చే పనిలో పడింది. మన కళ్లను నమ్ముకుని ఇదే నీలం అంటే కుదరదు. కంప్యూటర్‌కు రంగును మూడు అంకెల్లో చెప్పాలి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు ఒక్కోటీ 0 నుంచి 255 దాకా ఎంతెంత కలపాలో చెప్పే అంకెలవి.

రంగుల్ని అంకెల్లో బిగించడం మన జెండా విషయంలోనూ జరిగింది. మన భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీజీకి ఇచ్చిన నమూనాలో ఎరుపు, ఆకుపచ్చ ఉన్నాయి. గాంధీజీ సూచనతో తెలుపు చేరింది. 1931లో ఎరుపు స్థానంలో కేసరి రంగు వచ్చింది. 1947 జులై 22న రాట్నం బదులు అశోక చక్రంతో రాజ్యాంగ సభ ఆమోదించింది. ఎవరికి తోచిన కేసరి వాళ్లు వేయకుండా 1951లో జాతీయ ప్రమాణాల సంస్థ జెండా రంగులకు అంకెల్లో కొలతలు నిర్ణయించింది.

చెల్లి ఎంచుకున్న రంగులు జపాన్ పరిశోధకులు మసటాకా ఒకాబే, కెయ్ ఇటో సిద్ధం చేసిన ఎనిమిది రంగుల పట్టికలోవి. వర్ణాంధత్వం ఉన్నా లేకపోయినా ఒకదాన్నొకటి పోలకుండా ఏర్చికూర్చినవి. అందులో నీలానికి అంకెలు 0, 114, 178. నారింజకు 230, 159, 0. ఫైలు మొదట్లో ఆ రెండింటికీ పేర్లు పెట్టింది. తర్వాత 'ముఖ్యమైన మాటకు ఈ నీలం' అని ఒక లైను. 'పైగా అక్షరం లావుగా' అని ఇంకో లైను. శీర్షికలు నీలంతో కలిసిపోకుండా వాటికి నలుపు అని మరొకటి. అంతే! మీట నొక్కగానే పద్దెనిమిది స్లైడ్లూ కొత్త బట్టలు కట్టుకుని వచ్చాయి. ఒక్కో స్లైడు తెరిచి ఒక్కో మాటను మౌసుతో పట్టుకుని రంగు మార్చాలంటే పూటంతా పట్టేది. ఒకటో రెండో మాటలు తప్పిపోయేవి కూడా.

అన్నట్టు, ఎరుపు మామూలు కళ్లకైనా అంత మంచిదేమీ కాదు. అక్షరానికీ దాని వెనక రంగుకూ వెలుగులో ఎంత తేడా ఉందో కొలిచే లెక్క ఒకటుంది. తెలుపు మీద నలుపుకు 21 వస్తుంది. వెబ్ పేజీల ప్రమాణం ప్రకారం మామూలు అక్షరాలకు కనీసం 4.5, పెద్ద అక్షరాలకు 3 ఉండాలి. తెలుపు మీద అచ్చమైన ఎరుపుకు వచ్చేది 4 మాత్రమే. నిగనిగలాడే ఆకుపచ్చకైతే 1.4 కూడా రాదు! చెల్లి ఎంచుకున్న నీలానికి 5 దాటుతుంది.

ప్రొజెక్టరుకు మరో బలహీనత ఉంది. అది నలుపును వేయలేదు. వెలుగు వేయకుండా వదిలేసిన గోడనే మనం నలుపు అనుకుంటాం. హాల్లో లైట్లు వెలుగుతుంటే ఆ నలుపు బూడిద రంగులోకి దిగుతుంది. ల్యాప్‌టాప్‌లో ధగధగలాడిన ముదురు థీములు సెమినారు హాల్లో వెలవెలబోయేది అందుకే. వెలుతురున్న గదిలో తెల్లటి నేపథ్యం, ముదురు అక్షరాలు... అదే క్షేమం. ఇక స్లైడ్లను జిరాక్సు తీసి పంచితే అన్ని రంగులూ బూడిదే. జిరాక్సు మిషను ముందు మనందరం వర్ణాంధులమే!

సుద్దముక్క చెప్పిన ఉపాయం

గీతల సంగతి మాత్రం రంగుతో పూర్తికాలేదు. "నారింజ రంగు బాగానే తెలుస్తోందిగానీ, జిరాక్సు తీస్తే మళ్లీ మొదటికే వస్తుందిగా. దాన్ని తెగిన గీత వెయ్యమ్మా" అన్నాడు బాబాయి. అప్పుడు గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో నేనూ ఆయన దగ్గర లెక్కలు చెప్పించుకున్నాను. ఎప్పుడూ రంగు సుద్దముక్క ముట్టుకునేవాడు కాదు. ఒక త్రిభుజం నిండు గీతతో, రెండోది తెగిన గీతతో, మూడోది చుక్కలతో గీసేవాడు. వెనక బెంచీలో కూర్చున్నవాడికి కూడా ఏది ఏదో ఇట్టే తెలిసిపోయేది. అది ఆయన బోధనా పద్ధతి అనుకున్నాం అందరం. తనకు తెలియని రంగుల్ని తప్పించుకుంటూ, మాకు అన్నీ తెలిసేలా గీసేవాడన్నమాట!

కోడ్‌లో అదీ ఒక్క మాటే. ఆ గీత పక్కన 'డ్యాష్డ్' అని చేర్చింది చెల్లి. మూలన రంగుల సూచిక తీసేసి, గీతల చివర్లోనే 'ఏరియేటర్లు ఉన్నవి', 'లేనివి' అని రాసింది. ఈ మార్పులన్నీ ఒక చిన్న ఫైలులో పెట్టి దానికి 'గూడబాతు' అని పేరు పెట్టింది. స్లైడ్ల మొదట్లో ఆ పేరు ఒక్క లైనులో రాస్తే చాలు. ఇద్దరు జూనియర్లు అప్పుడే అడిగి తీసుకున్నారట. వాళ్లలో ఎవరికీ ఈ నీలం ఎందుకో తెలియదు. తెలియాల్సిన పని కూడా లేదు.

సాయంత్రం టీవీ ముందు మళ్లీ రిహార్సలు. ఈసారి గీతల స్లైడు రాగానే బాబాయి ముందుకు వంగాడు. చెల్లి మాట పూర్తికాకుండానే చెయ్యి పైకెత్తాడు, క్లాసులో పిల్లాడిలా.

"రెండో గీత పడిపోవడం అర్థమైంది. ఏరియేటర్లు తిరుగుతున్న చెరువులో కూడా నాలుగింటికి ఆ చిన్న గుంట పడిందేం? కరెంటు పోయిందా, నీ పరికరం తప్పు చెప్పిందా?"

చెల్లి దగ్గర జవాబు లేదు. ఇన్నాళ్లూ ఆ గుంటను ఎవరూ పట్టించుకోలేదు. రీడింగుల నోటు పుస్తకం తెచ్చి తండ్రి పక్కన కూర్చుంది. ఇద్దరూ పేజీలు తిరగేస్తుంటే, అన్నం చల్లారిపోతోందని పిన్ని మూడుసార్లు పిలిచింది.